ఐదు పట్టీల వెలుతురు

అబ్దుల్ ఖాదర్ తీగ కొసను పళ్ల మధ్య పట్టుకుని ఒక్క గుంజుడుతో పైతోలు ఊడబెరికాడు. బయటపడ్డ రాగి పోగులను బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ మెలిపెట్టి, ఏ పోగూ పక్కకు లేవలేదని వేలికొసతోనే చూసుకున్నాడు. సోల్డరింగ్ కడ్డీ మొనను తడి స్పాంజికి తాకించాడు. చుయ్‌మన్న చప్పుడు పొట్టిగా వచ్చింది. ఇంకా కాగలేదు. ఆగాడు.

వనపర్తి బస్టాండు నుంచి పాలిటెక్నిక్ వైపు పోయే రోడ్డులో, జిరాక్సు షాపుకూ టైర్ల షాపుకూ నడుమ ఇరుకుగా ఉంటుంది ఆ రంగుచేపల దుకాణం. రెండు గోడల వెంట మూడేసి వరుసల గాజుతొట్లు. నీళ్లలోకి గాలి పంపే గొట్టాలు రోజంతా బుడబుడమంటాయి. వెనక గోడకు ఆనించి పాత బడిబల్ల ఒకటి, దాని మీద ఖాదర్ పనిముట్లు. ఆ దుకాణంలో ప్రతి తొట్టి మీదా వెలిగే లైటు ఆయన చేతిదే. అల్యూమినియం చట్రం కోసి, బియ్యపుగింజలంత దీపాలుండే పట్టీలు దానికి అంటించి, తీగలు అతికి, నీటి ఆవిరి తగలకుండా అంచులకు సిలికాన్ పూస్తాడు.

ఆయనకు అరవై ఒక్క ఏళ్లు. పొడుగ్గా, సన్నగా, కొంచెం ముందుకు వంగి ఉంటాడు. గడ్డం తెలుపు, కొసన మాత్రం గోరింట ఎరుపు. భార్య సకీనాబీ రోజూ ఇస్త్రీ చేసి ఇచ్చే చొక్కా సాయంత్రానికి కూడా నలగదు, అంత తక్కువ కదులుతాడు. అయితే ఎడమచేతి వేళ్ల కొసల మీద మాత్రం నల్లటి చుక్కలు ఈ నాలుగైదు నెలల్లో ఎక్కువయ్యాయి. కడ్డీ తగిలి కాలిన చుక్కలు.

ఆ పొద్దున దుకాణం యజమాని శివశంకర్ గొంతు ముందు వైపు నుంచి గట్టిగా వినిపించింది.

"తిమ్మమ్మా, నిజం చెప్పు. క్యాను నీళ్లేనా పోసినవ్?"

"రోజు క్యాను నీళ్లే సారు. మొన్న ఒక్కదినం క్యాను పిల్లగాడు రాలే. బోరు నీళ్లు రెండు చెంబులు పోసిన."

"గదే చూడు. రెండు చెంబులంట! తొట్ల గడ్డి మొత్తం పాకురు పట్టె. పొద్దుమూకి డాక్టరమ్మ వస్తది, ఏం చూపియ్యాలె ఆమెకు? పాకురు పెంచినమని చెప్పాల్నా?"

తిమ్మమ్మ బకెట్లో గుడ్డ పిండిన చప్పుడు వచ్చింది.

"రేపటి సంది నువ్వు రాకు. నేను వేరే ఆమెను చూసుకుంట."

కరిగిన సీసం బొట్టు ఒకటి తీగ మీద పడాల్సింది ఖాదర్ వేలి మీద పడింది. ఆయన వేలు నోట్లో పెట్టుకుని అట్లాగే కూర్చున్నాడు. శివశంకర్ బండి స్టార్టు చేశాడు. కొత్తకోటలో బెంగళూరు బస్సు దించిపోయే చేపల సంచులు తెచ్చుకోవాలి.

బండి చప్పుడు దూరమయ్యాక తిమ్మమ్మ వచ్చి బల్ల పక్కన పీట మీద కూర్చుంది. యాభై ఏళ్ల మనిషి, పొట్టిగా గట్టిగా ఉంటుంది. వనపర్తి పక్క పల్లెలో ముప్పై పంటకార్లు నాట్లేసిన నడుము. మోకాళ్లు మొరాయించాక రెండేళ్ల కింద ఈ దుకాణంలో ఊడ్చే పనికి చేరింది. ఖాదర్ పెట్టెలో కలగలిసిపోయిన మేకులను, చిన్నవి పెద్దవి వేరు చేసి రెండు మూతల్లో పోయసాగింది. ఆ పని ఎవరూ ఆమెకు చెప్పలేదు. ఎండాకాలం నుంచి తనే చేస్తోంది.

"శివకు కోపమెక్కువ, మాట కాదు. పొద్దుగూకెటాలకు మరుస్తడు," అన్నాడు ఖాదర్.

"మరువడు సాబూ. డాక్టరమ్మ ముంగట ఇజ్జత్ పోతదని ఆయనకు భయం. ఇజ్జత్ పోయినంక ఎవరో ఒకరు పోవాలె గద. చేపలనైతే పంపరు."

ఖాదర్ నవ్వాడు. ఆమె నవ్వలేదు. ఆమె తీసుకుపోయే జీతంతోనే ఇంట్లో మంచం పట్టిన తమ్ముడు బక్కయ్యకు మందులు నడుస్తాయని ఖాదర్‌కు తెలుసు. ఆమె ఎప్పుడూ దాన్ని కష్టంగా చెప్పలేదు. తమ్ముడు మందులు మింగేటప్పుడు చేసే మొహాలను అభినయించి చూపి నవ్వించేది.

గొడవంతా బల్లకు ఎడమపక్కన విడిగా పెట్టిన రెండడుగుల తొట్టి గురించి. పళ్ల డాక్టరు వర్ష తన ఆస్పత్రిలో పెట్టుకోవడానికి అడిగింది. పళ్లు పీకించుకోవడానికి వచ్చిన పిల్లలు ఏడుస్తూ కూర్చుంటారట. తొట్టి అడుగంతా పచ్చగడ్డి పరిచినట్టు ఉండాలి, మధ్యలో రెండు నల్లరాళ్లు, నాలుగు చిన్న చేపలు, అంతే చాలు అంది. ఫోనులో బొమ్మ కూడా చూపించింది. శివశంకర్ హైదరాబాదు నుంచి చిన్న గిన్నెలో ఆ మొక్క తెప్పించాడు. ఆవగింజలో సగముండే ఆకులు. కార్పెట్ మొక్క అన్నాడు. తిమ్మమ్మ మాత్రం దాన్ని నారు అనే పిలిచింది.

మొదటిసారి ఖాదర్ ఒక్క పట్టీతో లైటు చేశాడు. చేపలకు అంతే సరిపోయేది కదా అని. మొక్క పక్కకు పాకకుండా సన్నగా పైకి లేచింది. శివశంకర్ ఎరువు తక్కువైందన్నాడు. తిమ్మమ్మ వంగి చూసి, "చెట్టు నీడకు పోసిన నారు గిట్లనే సాగుతది సారు. ఎండ సాలక మీదికి ఎతుక్కుంట పోతది. ఎండ మంచిగ తగిల్తె కిందనే పిలకలు వెడ్తది," అంది. ఆ మాట ఖాదర్ చెవిన పడింది. మూడు పట్టీలతో కొత్త లైటు చేసి, పైనుంచి జానెడు కిందికి దించాడు.

రెండోసారి తిమ్మమ్మే నాటింది. శివశంకర్ పట్టకారు ఇస్తే పక్కన పెట్టేసి, మొక్కను చిటికెడు చిటికెడు విడదీసి, తడి మట్టిలో వేలెడు దూరంలో వరుసగా గుచ్చింది. నీళ్లు నింపనీయలేదు. "మడిల మొక్క నిలవడక ముందే నీళ్లు వెడ్తరా ఎవరన్న? తేలిపోతది." పైన పల్చటి ప్లాస్టిక్ కాగితం కప్పి, పొద్దుమాపు నీళ్లు చిలకరించింది. ఇరవై అయిదు రోజుల్లో గడ్డి కమ్మేసి మట్టి కనిపించలేదు. అప్పుడు మెల్లగా నీళ్లు నింపారు. ఆ రోజు జిరాక్సు షాపతను, టైర్ల షాపు డేవిడ్ వచ్చి చూసిపోయారు. డేవిడ్, "మేకను తోలుకొచ్చి వదుల్తె మంచిగుంటది," అన్నాడు.

ఆ సాయంత్రమే ఖాదర్ చెయ్యి చూసుకున్నాడు.

అది ఆయన కొలత. ముప్పై ఏళ్లు పెళ్లిళ్లకు లైట్లు కట్టాడు. గద్వాల దాకా, నాగర్‌కర్నూల్ దాకా, ఉర్సులకు, జాతర్లకు, వినాయకులకు. తలుపంత నెమలిని పద్నాలుగు వందల బుడ్డి బల్బులతో పురివిప్పించాడు ఒకసారి. మీటర్లు ఆయనకు ఎప్పుడూ లేవు. వెలుతురు కింద అరచెయ్యి చాపేవాడు. గీతలు మూడూ కనిపిస్తే పందిట్లోకి అది చాలు. గీతల మధ్య సన్నగీతలు కూడా కనిపిస్తే పెళ్లికూతురు కూర్చునే చోటికి చాలు. ఆ కొలత ఒక్కసారి కూడా తప్పలేదు. రెడీమేడ్ తోరణాలు వచ్చి, లారీలో మొత్తం మంటపమే దించే వాళ్లు వచ్చాక ఆయన్ను పిలవడం మానేశారు. అప్పుడు శివశంకర్ ఈ బల్ల చూపించాడు.

"ఊర్ల పెండ్లిళ్లన్నిటికి ఎలుగులు వెట్టినవ్. నీ పెండ్లికి ఎన్ని బల్బులు వెట్టుకున్నవ్ సాబూ?" అని తిమ్మమ్మ ఒకసారి అడిగింది.

"నా పెండ్లి దినం కరెంటు లేకుండె. రెండు కందీళ్లు. సకీనా మొకం తెల్లారినంకనే సూసిన."

"ఆమె అదృష్టం. లేకపోతె రాత్రే ఉరికేది."

నీళ్లు నింపిన సాయంత్రం ఖాదర్ ఆ అరచేతిని తొట్టిలో అడుగుదాకా ముంచి చూశాడు. గీతలు కనిపించలేదు. నీళ్లు వెలుతురును తినేస్తున్నాయనుకున్నాడు. మర్నాడు ఇంకో పట్టీ వేశాడు. గీతలు కనిపించలేదు. అయిదోది వేశాడు. ఒక గీత కనిపించినట్టనిపించింది. చాలనుకున్నాడు. పది రోజుల్లో గడ్డి మీద పాకురు దిగింది.

ఆ పొద్దునంతా ఖాదర్ నీళ్లదే తప్పనుకున్నాడు. బోరు నీళ్లలో ఏముంటుందో ఎవరికి తెలుసు, ఈ జిల్లాలో పళ్లు గారపట్టేది ఆ నీళ్లతోనే కదా అని తనకు తాను చెప్పుకున్నాడు. శ్రావణమాసపు మబ్బు దుకాణంలోకి కూడా దిగింది. షట్టరులోంచి వచ్చే వెలుగు బూడిదలా ఉంది. తీగల ఎరుపు, నలుపు రెండూ ఒక్కటిగానే కనిపిస్తున్నాయి. నల్ల తీగకు పొద్దున్నే ముడి వేసి పెట్టుకున్నాడు. ఆ ముడి ఎక్కడుందో తడుముకుంటూ పని చేశాడు.

మధ్యాహ్నం టిఫిన్ విప్పాడు. రొట్టె ఎడమపక్క, కూర కుడిపక్క. మామిడికాయల కాలం నుంచి అదే వరుస, ఒక్కరోజు తప్పలేదు. అప్పటి నుంచే సకీనాబీ ఇంట్లో చేపలు వండటం మానేసింది. ముళ్లు ఏరుకోవడం గురించి ఆమె ఏమీ అనలేదు. ఆయనా అడగలేదు. మహబూబ్‌నగర్ దవాఖానలో డాక్టరు, షుగరు కంటి వెనక పొరను తినేసిందనీ, అద్దాలతో రాదనీ, ఉన్నది కాపాడుకొమ్మనీ చెప్పిన రోజు కూడా, ఇద్దరూ బస్సులో జామకాయలు తింటూ తిరిగి వచ్చారు. దుకాణంలో తెలిస్తే ఆ బల్ల పోతుంది. చూపు లేనివాడికి లైట్ల పని ఎవరిస్తారు? బల్ల పోతే పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని పోవడానికి చోటు లేదు. అందుకే ఎవరికీ చెప్పలేదు.

చెయ్యి కడుక్కుని వచ్చేసరికి తిమ్మమ్మ తొట్టి ముందు గొంతుక్కూర్చుని ఉంది.

"సాబూ, జర ఈడికి రా."

వెళ్లాడు.

"గీ మూలకు సూడు. నా అరచెయ్యంత జాగల గడ్డి మంచిగున్నది. పచ్చగ, మునుపటి లెక్కనే. ఒక్క పాకురు పోగు లేదు."

ఖాదర్ వంగి చూశాడు. ఆకుపచ్చ మసక ఒకటి, అంచులు లేకుండా. "అవునవును," అన్నాడు.

"గా మూలకు గాదు. ఈ మూలకు."

ఆయన మొహం ఈ పక్కకు తిప్పాడు. తిమ్మమ్మ ఆ మూల గాజు మీద వేలితో తట్టింది. తర్వాత మెల్లగా అంది.

"మీద అద్దం మూత మీద మేత డబ్బ వెడ్తం గద. రోజు ఆడనే ఉంటది. దాని నీడల ఉన్న జాగ అది. నా నీళ్ల తప్పయితే తొట్టంత ఒక్కటే నీళ్లు గద సాబూ. గీడ గూడ సావాలె. ఎందుకు సావలే?"

ఖాదర్ చొక్కా చెయ్యి మోచేతిపైకి మడిచాడు. మూత జరిపి చెయ్యి నీళ్లలోకి దించాడు. చేపలు పక్కకు తప్పుకున్నాయి. మధ్యలో వేళ్లు ఆనించాడు. జారుడు. నానిన సబ్బు మీద, పాత బావి మెట్ల మీద చెయ్యి పెట్టినట్టుంది. ఆకు తెలియడం లేదు, పైన పట్టిన జిగురే తెలుస్తోంది. వేళ్లను మెల్లగా మూలకు జరిపాడు. ఒక చోట జారుడు తెగిపోయింది. వేళ్ల కింద పొట్టిగా, గరుకుగా, కత్తిరించిన మేకపిల్ల బొచ్చులా గడ్డి తగిలింది. ఒక్కో ఆకు వేరువేరుగా తగిలింది. వేళ్లు ఆ అరచేతంత చోటు చుట్టూ తిరిగి దాని అంచు పట్టుకున్నాయి. అంచు నాలుగు పలకలుగా, డబ్బా ఆకారంలోనే ఉంది.

చాలాసేపు చెయ్యి నీళ్లలోనే ఉంచాడు.

"ఎండ ఎక్కువైంది," అన్నాడు చివరికి.

తిమ్మమ్మ లేచి గుడ్డ అందించింది. "నేనేం అనలే సాబూ."

"నువ్వు శివకు చెప్తె నీ పని ఉంటుండె."

"ఏం చెప్పాలె? నాకేం తెల్సు లైట్ల సంగతి?" ఆమె బకెట్ తీసుకుని ముందుకు వెళ్లిపోయింది. మేకులు వేరు చేసే మనిషికి తన కళ్ల సంగతి ఎండాకాలం నుంచే తెలుసని ఖాదర్‌కు అప్పుడు అర్థమైంది.

లైటు ప్లగ్గు పీకి, చట్రం తెచ్చి బల్ల మీద బోర్లా పెట్టాడు. రెండు పట్టీల తీగలు కత్తిరించి, కొసలకు టేపు చుట్టాడు. దానికి పది నిమిషాలు పట్టింది. మళ్లీ తొట్టి మీద పెట్టి వెలిగించాడు. ఇక ఏమీ చెప్పకపోయినా పని జరిగిపోతుంది. వారంలో పాకురు తగ్గుతుంది, గడ్డి లేస్తుంది. కొత్తగా రాబోయే ఆమె క్యాను నీళ్లు పోసినందుకే బాగైందని శివశంకర్ అనుకుంటాడు. బల్ల ఉంటుంది. లైటు సంగతి తెలిసినది తిమ్మమ్మ ఒక్కతే. ఆమె చెప్పదు. చెప్పదనే సంగతే ఆయన్ను కుదురుగా కూర్చోనీయలేదు. కత్తిరించిన రెండు పట్టీలను వేలికి చుట్టడం, విప్పడం, మళ్లీ చుట్టడం. నాలుగు గంటల దాకా అదే.

శివశంకర్ రెండు చేతుల్లో గాలి నింపిన సంచులతో వచ్చాడు. సంచుల్లో నీళ్లు గలగలమన్నాయి.

"తిమ్మమ్మా, తాళంచెవి బల్ల మీద వెట్టు."

"శివా," అన్నాడు ఖాదర్. "నీళ్లు కాదు. నా లైటు."

"ఏంది చాచా?"

"ఐదు పట్టీలు ఏసిన. మూడే సాలు. మీదికెల్లి ఎండ ఎక్కువై పాకురు పట్టింది. మేత డబ్బ నీడల గడ్డి సూడు, తెలుస్తది. తిమ్మమ్మ తప్పు లేదు."

శివశంకర్ సంచులు కింద పెట్టాడు. తొట్టి దగ్గరికి పోయి వంగి చూశాడు. చాలాసేపు చూశాడు.

"ఇన్నేండ్లు లైట్లు వెట్టినోనివి. నీకు తెల్వదా చాచా, ఎంత సాలో?"

"తెల్వక కాదు. కనవడక."

"కనవడకనా? నన్ను సూస్తనే ఉన్నవ్ గద!"

"నీ గొంతు దిక్కు మొకం వెట్టిన బేటా. అంతే."

గొట్టాలు బుడబుడమన్నాయి. శివశంకర్ దగ్గరికి వచ్చి ఆయన ఎడమచెయ్యి పట్టుకుని వేళ్లు తెరిచాడు. నల్లటి చుక్కలను ఒక్కొక్కటే చూశాడు. "ఎప్పటి సంది?" అన్నాడు. గొంతు తగ్గింది.

"మామిడికాయలప్పటి సంది."

"నువ్వెందుకు చెప్పినవ్ సాబూ?" తిమ్మమ్మ తలుపు దగ్గర నుంచే అరిచినట్టు అంది. "నేను అడిగిన్నా నిన్ను? ఇంట్ల కూసొని ఏం తింటవ్?"

"నువ్వు ఇంట్ల కూసొని తిందామనుకున్నదే."

శివశంకర్ ఇద్దరివైపూ చూసి, ఖాళీ క్యాన్లు రెండు తీసి తిమ్మమ్మ ముందు పెట్టాడు. "రేపు తొమ్మిదింటికి రా. వచ్చేటప్పుడు ఇవి నింపుకొచ్చేటోనికి ఫోన్ చెయ్యి," అన్నాడు.

అయిదింటికి డాక్టరు వర్ష వచ్చింది. తడిసిన గొడుగు బయట ఆనించి, తొట్టి ముందు మోకాళ్ల మీద కూర్చుంది. "అయ్యో, పాకురు పట్టిందా?" అని, మళ్లీ మూలకు చూసి, "ఈ ముక్క ఎంత బాగుందో. అంతా ఇట్లా వస్తదా?" అని అడిగింది.

"వస్తదమ్మా," అన్నాడు ఖాదర్. "నెల పడ్తది. పొద్దున పదింటికి వెలిగియ్యాలె, ఆరింటికి ఆర్పాలె. దానికీ రాత్రి కావాలె."

"నాకేం తొందర లేదు. మంచిగైనంకనే పంపండి."

ఆమె వెళ్లాక ఖాదర్ పనిముట్లు సంచిలో సర్దుకున్నాడు. కడ్డీ చల్లారిందో లేదో చేతి వెనకవైపుతో చూసుకుని గుడ్డలో చుట్టాడు. శివశంకర్ ఊరికే అటూ ఇటూ తిరిగాడు.

"రేపు రా చాచా. పనేం చెయ్యకు. వచ్చి కూసో."

"కూసొనీకె ఇంట్ల అరుగున్నది శివా. ఈ బల్ల మీద ఎవరన్న కండ్లున్నోనిని కూసోవెట్టు." మాటలో కోపం లేదు. సంచి భుజానికి తగిలించుకున్నాడు. అంతలో ఏదో గుర్తొచ్చి తొట్టి దగ్గరికి తిరిగి వెళ్లాడు. "తిమ్మమ్మా, అలసిన గడ్డి. మూడు పట్టీలు గూడ ఓ వారం దినాలు ఓర్సుకోదు."

"సలువపందిరి ఎయ్యాలంటవా?"

"ఆఁ. గదే."

జేబులోంచి దస్తీ తీశాడు. పొద్దున సకీనాబీ మడిచి పెట్టింది, ఇంకా మడత విప్పలేదు. విప్పి, లైటు కిందున్న అద్దం మూత మీద పరిచి, నాలుగు మూలలూ వేళ్లతో సవరించాడు. తర్వాత గోడ వెంట నడిచి, గడప దగ్గర కాలితో తడిమి, రోడ్డు మీదికి దిగాడు. తిమ్మమ్మ వెంట రాబోతే చెయ్యి ఊపాడు. తుంపర పడుతోంది. టైర్ల షాపులోంచి డేవిడ్ "ఏం సాబూ, ఇయ్యాల జల్ది పోతున్నవ్?" అని కేకేస్తే, ఆ గొంతు దిక్కు తల తిప్పి, "పని అయిపోయింది," అన్నాడు.

తిమ్మమ్మ తొట్టి ముందు చాలాసేపు నిలబడింది. తెల్ల దస్తీ మీద సన్నటి నీలి గళ్లు, ఒక మూలన సకీనాబీ చేత్తో కుట్టిన చిన్న ఎర్రపువ్వు. దాని నూలు పోగుల సందుల్లోంచి వెలుతురు పల్చబడి, జల్లెడ పట్టిన పిండిలా గడ్డి మీదికి దిగుతోంది.